మహారాణి సీటు

బస్సెక్కగానే అందరూ ఖాళీ ఎక్కడుందా అని చూస్తారు. రెక్సినమ్మ మాత్రం ముందు సీటు వీపు నిమురుతుంది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, అరచెయ్యి ఆనించి కుట్టు వెంట మెల్లగా జరుపుతుంది. ఎక్కడైనా దారం వదులైతే ఆవిడ వేలికి తెలిసిపోతుంది. అప్పుడు పెదవి విరిచి, ఆ పని చేసినవాడి చేతుల్ని నాలుగు మాటలని, ఆ తర్వాతే కూర్చుంటుంది. కొత్త కండక్టర్లు ఇది చూసి ఈవిడకేదో మొక్కుందనుకునేవారు. పాతవాళ్ళు "పిన్నిగారూ, నాడి ఎలా కొట్టుకుంటోంది?" అని అడిగేవారు.

"ఇంకొన్నాళ్ళు బతుకుతుందిలే" అనేది ఆవిడ.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడకూ ఒకటి ఉంది గానీ వాడకం లేక తుప్పు పట్టింది. ఊళ్ళో తిరిగే సిటీ బస్సులకు ఒళ్ళు తొడిగే షెడ్డులో పెళ్ళికి ముందే కుట్టుపనికి చేరింది. ఇంజనూ చక్రాలూ ఎక్కడినుంచో వస్తాయి. వాటి మీద రేకులు బిగించి, కిటికీలు పెట్టి, సీట్లు వేసి, రంగు కొట్టి రోడ్డు మీదికి తోలేది ఆ షెడ్డు. సీట్లకు రెక్సిన్ తొడుగులు కుట్టేది ఆవిడ. షెడ్డంతా మగవాళ్ళే. స్పాంజి ముక్కల గుట్ట వెనక కుట్టుగదిలో ఒక ఆడమనిషి ఉందన్న సంగతి చాలామందికి మిషను చప్పుడు ఆగినప్పుడే గుర్తొచ్చేది.

సీట్లు చింపేవాళ్ళంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది. తాళంచెవితో పేర్లు గీకేవాళ్ళు కొందరు, తోచక స్పాంజి గిల్లి కిటికీలోంచి పారేసే పిల్లలు కొందరు. ప్రేమ బెడిసికొట్టి వచ్చి సీటు మీద కసి తీర్చుకునే కుర్రాళ్ళ సంగతి సరేసరి. "ఆ పిల్ల కాదంటే నా సీటేం చేసిందిరా నీకు" అని, అక్కడ లేని కుర్రాణ్ణి మిషను ముందు కూర్చుని నిలదీసేది. "వాళ్ళ చేతులు పడిపోను" అన్న మాట ఇంట్లో భోజనాల దగ్గర మంచినీళ్ళంత మామూలుగా వినిపించేది.

ఇల్లంటే ముగ్గురాడవాళ్ళు. రెక్సినమ్మ, ఆవిడ అత్తగారు, ఒక్కగానొక్క కూతురు. భర్త దూరప్రాంతాలకు లారీ తోలుతూ సొంతింటికి చుట్టపుచూపుగా వచ్చిపోతుండేవాడు. కూతురిది వాగుడు నోరని నాయనమ్మ చిన్నప్పుడే వసపిట్ట అని పేరు పెట్టింది. ఆ పిల్ల తల్లి మిషను పక్కన రెక్సిన్ ముక్కల మీద కూర్చుని ఆడుకుంటూ పెరిగింది. కుట్టడం కన్నా ముందు కుట్లు విప్పడం నేర్చుకుంది. చదువు పూర్తయ్యాక ఊరికి ఆ చివరనున్న కళ్ళజోళ్ళ షాపులో చేరింది. మొదట కౌంటరు దగ్గర నిలబెట్టినా, చెయ్యి నిలకడ చూసి యజమానురాలు ఈమధ్యే అద్దాలు కోసే పని నేర్పడం మొదలుపెట్టింది. ఆ పని చేతికొస్తే ఇక ఎక్కడైనా బతకొచ్చని వసపిట్ట ఇల్లెక్కి చెప్పినంత పని చేసింది. షాపుకు పోవాలంటే ఒకే ఒక్క బస్సు.

ఇక ఆ బస్సుల సంగతి. ఇంతకు ముందు వాటిలో పొట్టి సీట్లుండేవి. వీపు భుజాల దాకా వచ్చి ఆగిపోయేది. దాని నెత్తిన అడ్డంగా ఒక ఇనప కడ్డీ. వెనక కూర్చున్నవాళ్ళూ పక్కన నిలబడ్డవాళ్ళూ కుదుపులకు పడకుండా పట్టుకుంటారని పెట్టారు. కాగితం మీద గీసినప్పుడు ఆ కడ్డీ మీద చేతులు బుద్ధిగానే ఉండి ఉంటాయి. బస్సులోకి వచ్చేసరికి అవి కడ్డీ మీద నిలిచేవి కావు. ముందు సీట్లో ఆడమనిషి ఉంటే మెడ మీదికి, జడ మీదికి, భుజం మీదికి దిగేవి. వెనక్కి తిరిగి చూస్తే ఆ చేతుల యజమాని కిటికీలోంచి ఆకాశం చూస్తూ ఉండేవాడు. గట్టిగా అడిగితే "పట్టుకోవడానికే కదండీ కడ్డీ పెట్టారు" అనేవాడు. నిజమే, పెట్టారు.

ఆడవాళ్ళ తంటాలు ఆడవాళ్ళు పడ్డారు. మండుటెండలో మెడకు శాలువా చుట్టుకున్నవాళ్ళున్నారు. సంచిని ఒళ్ళో కాకుండా వీపున తగిలించుకుని, సీటు అంచున పిట్టల్లా కూర్చున్నవాళ్ళున్నారు. రెక్సినమ్మ కూడా ఏళ్ళ తరబడి అలాగే కూర్చుంది. ఒకరోజు టీ తాగేటప్పుడు చిరాకు పట్టలేక అంది:

"ఈ వీపు ఇంకో జానెడు పెంచితే వీళ్ళ సొమ్మేం పోయింది?"

అక్కడే ఉన్న వెల్డరు ఆవిడను చెల్లెమ్మా అని పిలిచే మనిషి. మాట తక్కువ, ఉత్సాహం ఎక్కువ. "జానెడేం ఖర్మ చెల్లెమ్మా, మూరెడు పెంచుతా చూడు" అని మూల పడున్న గొట్టాలతో ఒక ఫ్రేము అతికి తెచ్చాడు. ఆవిడ దానికి స్పాంజి పెట్టి తొడుగు కుట్టింది. తల ఆనే చోట కాస్త గుంటలా, రెండంచులూ చెవులకు కాపలాలా వచ్చాయి. కడ్డీ లోపలికి పోయింది. వెనకనుంచి ఒక్క వేలు కూడా దూరదు.

అప్పట్లో బస్సుల్లో ఆడవాళ్ళ అవస్థల గురించి పత్రికల్లో ఏదో ఒకటి వస్తుండేది. ఏదైనా చెయ్యమని పైవాళ్ళు మేనేజరు ప్రాణం తీస్తున్నారు. ఆయన భోజనం చేసి షెడ్డులోకి వచ్చి ఈ సీటు చూశాడు. "ఏదీ, కూర్చుని చూద్దాం" అని వెనక్కి వాలి, అలాగే నిద్రపోయాడు. మేస్త్రీ ఆయన్ని లేపే ధైర్యం చాలక మిషన్లన్నీ ఆపించాడు. లేచాక మేనేజరు మొహం తుడుచుకుని "ఇందులో కూర్చుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు. పరీక్షంటే అదే. సీటు పాసయింది.

దానికి మహారాణి అని పేరు పెట్టారు. రెక్సినమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టి ఫొటో తీశారు. చిన్నప్పుడు దెబ్బలు తినబోయే ముందు పెట్టే మొహం పెట్టిందావిడ ఆ ఫొటోలో. దాన్నే పెద్దగా అచ్చేసి, కింద "మీ వెనక మేమున్నాం" అని రాసి ప్రతి బస్సులోనూ అంటించారు. ఆవిడకొక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. అది మొదటినుంచీ కాస్త వెనకబడే నడిచేది. అయినా అత్తగారు దాన్ని నట్టింట్లో పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ టైము చెప్పి మరీ పంపేది.

గొప్ప కోసం చెప్పుకోవడం కాదు గానీ మొదట్లో ఆ సీట్లు బాగానే పనిచేశాయి. ఆడవాళ్ళు మెడలకు చుట్టుకున్నవి విప్పారు. వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. రెక్సినమ్మ వాళ్ళను చూసి, పరాయివాళ్ళ పిల్లకు జోల పాడినట్టు, లోలోపల మురిసిపోయింది.

అయితే ఆ సీటును పరీక్షించింది ఖాళీ బస్సులో, షెడ్డు మనుషులు, పగటిపూట. కూర్చుంటే మెత్తగా ఉందా లేదా అని చూశారు. వెనకవాళ్ళ చెయ్యి తగులుతుందా లేదా అని చూశారు. ముందు గుమ్మం దగ్గర నిలబడి ఎవరూ చూడలేదు. అక్కడినుంచి చూస్తే మనుషులు కనబడరు. గోడ వెనక గోడ, గోడ వెనక గోడ. "నిండు బస్సు కూడా ఎండిన చెరువులా ఉంటోంది పిన్నిగారూ, తలల్ని తవ్వుకుని టికెట్లు ఇవ్వాల్సొస్తోంది" అని కండక్టరొకడు నవ్వాడు. ఆవిడా నవ్వింది. భద్రత ఇంకా పెంచుదామని పైవాళ్ళు డ్రైవరు నెత్తిన ఒక కెమెరా కూడా పెట్టించారు. అందులో ఎప్పుడు చూసినా ఆవిడ కుట్టు కనిపించేది. చాలా చక్కగా కనిపించేది.

ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు ఒకే బస్సులో తటస్థపడ్డారు. రెక్సినమ్మ సీటు నాడి చూసి, కూర్చుని, పక్కన చెయ్యి వేసి కూతురికి చోటు పట్టింది. వసపిట్ట డ్రైవరు వెనకనున్న గొట్టం పట్టుకుని నిలబడే ఉంది. వెనక సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి.

"రావే, కూర్చో."

"పరవాలేదమ్మా. పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నాను."

మర్నాడు అడిగితే వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతోందంది. ఇంకోసారి రెక్సిన్ వేడెక్కుతోందంది. రెక్సిన్‌ను ఎవరేమన్నా రెక్సినమ్మ ఊరుకోదు. ఇంటికొచ్చాక గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడయ్యాయి.

"ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పనికొచ్చిన సీటు మా మహారాణీగారికి పనికిరాలేదు" అంది.

అత్తగారు గడియారం కింద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. "వండినావిడ కూతురే ముద్ద ముట్టలేదంటే వంటకేదో వచ్చిందనుకుంటారే అమ్మాయ్" అంది. ఆవిడ మాటకు సమాధానం చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో పుట్టనూ లేదు, కోడలిగా రానూ లేదు.

ఇన్నాళ్ళూ ఎప్పుడు నోరు మూస్తుందా అనిపించిన పిల్ల ఇప్పుడు అడిగితేనే మాట్లాడుతోంది. అదీ ఒకటి రెండు మాటలు. ఒక ఆదివారం ఉన్నట్టుండి "షాపు మానేస్తానమ్మా" అంది.

"మానేసి?"

"ఇక్కడే వీధి చివర బట్టల కొట్లో మడతలు పెట్టడానికి మనిషి కావాలన్నారు. నడిచి వెళ్ళొచ్చు."

"అద్దాల పని నేర్పుతున్నారన్నావు. అది చేతికొస్తే చాలన్నావు."

"నేర్చుకున్నంతవరకూ చాల్లే."

యజమానురాలు ఏమైనా అందా అని అడిగితే లేదంది. ఎవరైనా వెంటపడుతున్నారా అంటే లేదంది. నెలాఖరుకు మానేస్తానని చెప్పేస్తానంది. రెక్సినమ్మకు ఏమీ అంతుబట్టలేదు. పైగా ఆవిడ తల అప్పుడు వేరే గొడవలో ఉంది. కుట్లు విప్పే చిన్న ఇనప ముల్లు, పెళ్ళికి ముందునుంచీ ఉన్నది, ఎక్కడో పోయింది. మేస్త్రీ పళ్ళు కుట్టుకోవడానికి పట్టుకుపోయుంటాడని ఆవిడ అనుమానం. ఆయనతో మాట్లాడడం కూడా మానేసింది.

దానికి తోడు మహారాణి సీట్లు మరమ్మతుకు రావడం మొదలైంది. చిరిగిన తొడుగులతో ఫ్రేములు ఊడదీసి షెడ్డుకు పంపుతున్నారు. బాగుచేసి పంపేదాకా బస్సు ఆగదు కనుక, ఆ చోట గోదాములో మూలుగుతున్న పాత పొట్టి సీటు బిగించి తోలేస్తున్నారు. ఇది షెడ్డులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఈ పద్ధతి మీద విసుక్కోవడం ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఎప్పుడూ ఉన్నదే.

రెక్సినమ్మ తిట్లు సిద్ధం చేసుకుని మొదటి తొడుగును ఒళ్ళోకి లాక్కుంది. తిట్టబోయి ఆగింది. అది చింపింది కాదు, విప్పింది. నెత్తిమీది కుట్టును ఒక్కొక్కటే లేపి, రెక్సిన్‌కు గీత పడకుండా, పువ్వు రేకులు విడదీసినట్టు విప్పారు. "దొంగైతేనేం, పనితనం ఉంది" అనుకుంది. రెండోదీ అలాగే. మూడోది చేతిలోకి తీసుకుని కుట్టు ఆగిన చోటికి వేలు జరిపింది. అక్కడ దారం కొసన ముడి ఉంది.

విప్పిన చోట ముడి వెయ్యకపోతే పక్క కుట్టు కూడా ఊడిపోతుంది. పనిచేసేవాళ్ళు చాలామంది అదేం పట్టించుకోరు. రెక్సినమ్మ పట్టించుకుంటుంది. చుట్టూ రెండు మెలికలు తిప్పి, దారాన్ని లోపలికి దూర్చి వేసే ఆ ముడి ఆవిడ సొంతం. జీవితంలో ఒక్క మనిషికి నేర్పింది. ఆ మనిషి అప్పుడు రెక్సిన్ ముక్కల మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, నేర్చుకుంది.

ఆ తొడుగును మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. కాళ్ళైనా కడుక్కోకుండా బల్ల మీద పరిచింది. వసపిట్ట చూసింది. నాయనమ్మ కూడా చూసింది.

"ముల్లు నీ దగ్గరే ఉందా?" అంది రెక్సినమ్మ.

కూతురు లేచి వెళ్ళి చేతిసంచిలోంచి ముల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మేస్త్రీతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"తెలుసు. చెబుదామనే అనుకున్నాను."

"చింపితే పోయేదిగా. ఇంత కష్టపడి విప్పడం దేనికి?"

"చింపడానికి మనసొప్పలేదమ్మా. నువ్వు కుట్టింది."

కాసేపటికి పిల్ల తనే చెప్పింది. తొడుగు అంచు గిల్లుతూ, తలెత్తకుండా చెప్పింది. ఒక సాయంత్రం కిటికీ పక్కన కూర్చుంది. పక్కన ఒకడొచ్చి కూర్చున్నాడు. ఇటు కిటికీ, అటు వాడు, ముందూ వెనకా అమ్మ కుట్టిన వీపులు.

"ఆ సీట్లో కూర్చుంటే గదిలో ఉన్నట్టుంటుందమ్మా. వాడితో పాటు ఒక చిన్న గదిలో. నువ్వు చాలా గట్టిగా కట్టావు."

"అరవకపోయావా?"

"అరిచాను. అందరూ తలలు తిప్పే ఉంటారు, సీట్లు కిర్రుమన్న చప్పుడు నాకు వినిపించింది. నేనే ఎవరికీ కనబడలేదు. ఎవరో ఫోన్లో సినిమా చూస్తున్నారనుకున్నారట. కండక్టరు వచ్చేసరికి వాడు దిగిపోయాడు. ఎక్కడమ్మా, ఎవరూ లేరే అన్నాడాయన. ఆయన తప్పేం లేదు, నిజంగానే కనబడలేదు." ఆగి, మళ్ళీ అంది. "తర్వాతింకోసారీ జరిగింది. వేరేవాడు. అప్పటినుంచీ నిలబడుతున్నాను. మా షాపులో ఇద్దరు ఆ బస్సే మానేశారు. కుట్టు విప్పితే వారం పది రోజులు పొట్టి సీటు వేస్తారు కదా. నువ్వే చెప్పావు. పొద్దున బస్సు ఖాళీగా ఉన్నప్పుడు విప్పుతున్నాను. ఒక్కదాన్ని ఎన్నని విప్పను? అందుకే మానేద్దామనుకున్నా."

గడియారం తన ఆలస్యం తాను కొట్టుకుంటోంది.

"ఊరందరికీ చూపు తెప్పించే షాపులో పని. బస్సులో మాత్రం ఒక్కడికీ కనబడలేదు" అంది నాయనమ్మ. తర్వాత కోడలి వైపు తిరిగింది. "చేతులు పడిపోను, చేతులు పడిపోను అని ఇన్నాళ్ళూ ఎవర్ని తిట్టుకున్నావో చూసుకున్నావా?"

రెక్సినమ్మ కూతురి చేతుల వైపు చూసింది. దారం కోసుకుపోయి రెండు వేళ్ళకు గీతలున్నాయి.

మర్నాడు ఆవిడ మేనేజరు గదికి వెళ్ళింది. ఎదురుగా గోడ మీద తనే కూర్చుని ఉంది, దెబ్బలు తినబోయే మొహంతో. మేనేజరు మంచివాడే. కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. ఆవిడ కూతురి సంగతి ఎవరో పిల్ల సంగతిగా చెప్పి, వీపులు దించెయ్యమంది. ఆయన నిజంగానే బాధపడ్డాడు.

"ఎత్తు కావాలన్నది మీరే కదమ్మా?"

"నేనేనండి. ఇప్పుడొద్దంటున్నదీ నేనే."

"అలా అయితే ఎలాగ? ఆడవాళ్ళ భద్రత కోసం పెంచాం అని ఊరంతా చెప్పాం. ఇప్పుడు దించితే భద్రత తగ్గించారంటారు. మీ ఫొటో మీదే రాస్తారు ఆ మాట."

"కనబడటం లేదండి మనుషులు."

"కెమెరా పెట్టించాను కదా."

"కెమెరాకూ కనబడటం లేదు."

ఆయన ఆలోచించాడు. కొత్త డిజైను అంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే పాత డిజైను బాగాలేదని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. పాత డిజైనును అవార్డు కోసం ఆయనే పంపించి ఉన్నాడు. చివరకు ఆయన చెయ్యగలిగింది చేశాడు. "ఈ సీట్లు చించుతున్న ముఠా ఎవరో పట్టుకోవాలమ్మా. మందం దారం తెప్పిస్తాను. చిరుగు చూసి మనిషిని చెప్పగలిగేది మీరొక్కరే. మీ మీదే పెడుతున్నాను ఈ బాధ్యత" అన్నాడు.

"చూస్తానండి" అంది ముఠా తల్లి. టీ పూర్తిగా తాగి లేచింది.

సరాసరి వెల్డరు దగ్గరికి నడిచింది. దారిలో మేస్త్రీ కనబడితే ఆగి, "అన్నట్టు నా ముల్లు దొరికిందండి" అంది. ఆయనకు అది పోయిన సంగతే తెలియదు. తనతో ఈవిడ ఎందుకు మాట్లాడటం లేదో కూడా తెలియదు. "చాలా సంతోషం" అన్నాడు.

వెల్డరుకు మాత్రం ఎవరో పిల్ల అని చెప్పలేదు. మన వసపిట్ట అంది. అతను ముసుగద్దం పైకెత్తి, మళ్ళీ దించుకున్నాడు. ఆ వీపును మూరెడు పెంచింది అతనే.

"కొత్తది చెయ్యాలంటే సంతకాలు కావాలి చెల్లెమ్మా" అన్నాడు లోపల్నుంచి. "పాతది బాగుచెయ్యడానికి రంపం చాలు."

ఆదివారం షెడ్డులో ఒక బస్సులో విప్పిన ఫ్రేములు ముందొకటి వెనకొకటి బిగించి, మధ్య వసపిట్టను కూర్చోబెట్టారు. తల్లి వెళ్ళి ముందు గుమ్మం మెట్టు మీద నిలబడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సీటు వైపు అక్కడినుంచి చూడటం ఆవిడకదే మొదలు.

"కనిపిస్తున్నానా?"

"లేదు. కొయ్యి అన్నయ్యా."

కోశాడు. కొప్పు కనబడింది. ఇంకా కోశాడు. కళ్ళు కనబడ్డాయి. పూర్తిగా మొహం కనబడేదాకా కోస్తే వీపు మళ్ళీ పాత ఎత్తుకు వచ్చి కూర్చుంది, లోపల దాగిన కడ్డీ మళ్ళీ నెత్తిన తేలింది. వెల్డరు వెనక సీట్లో కూర్చుని చూస్తే అతని చెయ్యి ఎవరూ చెప్పకుండానే పిల్ల మెడ దగ్గరికి వచ్చి ఆగింది. చప్పున తీసేసి, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో దాచుకున్నాడు.

"మెడ కాద్దామంటే మొహం పోతోంది. మొహం చూద్దామంటే మెడ పోతోంది" అంది రెక్సినమ్మ, మెట్టు మీద కూలబడి.

ఆ మధ్యాహ్నం చాలా గొట్టాలు పాడయ్యాయి. వల బిగించి చూశారు, వేళ్ళు దూరాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ పలక పెట్టి చూశారు, ఎండకు అద్దంలా మెరిసి అసలేమీ కనబడలేదు. విసుగెత్తి వెల్డరు కోసిన ముక్కల్లో వంకర తిరిగినదొకటి తీసి, నడవా వైపు సీటు మూలకు ఊరికే అతికించి, దాన్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. నడుము నొప్పి, ఆసరా కోసం. వసపిట్ట దానివైపు చూసింది.

"మామయ్యా, పట్టుకోవడానికి ఇదుంటే వీపు నెత్తిన కడ్డీ దేనికి?"

అలా కుదిరింది. వీపు చెవుల కిందికి దిగింది, నెత్తిన కడ్డీ పోయింది, చేతికి ఆసరా మూలకు మారింది. వేళ్ళు పెట్టదలచుకున్నవాడు ఇప్పుడూ పెట్టగలడు. కాకపోతే కడ్డీ పట్టుకున్నానండీ అనడానికి అక్కడ కడ్డీ లేదు. చేసే పని గుమ్మం దాకా కనబడుతుంది. అంతకన్నా పెద్ద ఉపాయం ఆ ముగ్గురికీ తట్టలేదు.

మిగిలిందల్లా సీట్లు షెడ్డుకు రావడమే. అవి రావాలంటే చిరగాలి. మేనేజరు తెప్పించిన మందం దారం ముల్లుకు లొంగడం కష్టమైతే, ఎక్కడ మొదలుపెడితే సులువో రెక్సినమ్మే కూతురికి చూపించింది. బస్సు మానేసిన షాపు పిల్లలిద్దరూ మళ్ళీ ఎక్కారు, ఒక్కొక్క ముల్లుతో. వాళ్ళు వేసే ముడులు మొదట్లో వంకరగా ఉండేవి, తర్వాత కుదురుకున్నాయి. నాయనమ్మ కూడా ఒకరోజు ఊరికే తిరిగొస్తానని బస్సెక్కి, రెండు కుట్లు విప్పి, కళ్ళు ఆనక మానేసి వచ్చింది. వసపిట్ట నెలాఖరుకు షాపులో ఏమీ చెప్పలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తనూ లేదు.

మేనేజరు బస్సుల్లో "ముఠాతో జాగ్రత్త" అని కాగితాలు అంటించాడు. సీట్లు వస్తూనే ఉన్నాయి, వెల్డరు కోస్తూనే ఉన్నాడు, ఆవిడ కుడుతూనే ఉంది. మేస్త్రీ పొట్టిబడిన సీట్లను చూసి ఒకసారి నోరు తెరిచి, ఆవిడ మళ్ళీ మాట్లాడటం మానేస్తుందేమోనని మూసుకున్నాడు. కోయడానికి ఎత్తు సీట్లు అయిపోయాక చిరుగులు కూడా ఆగిపోయాయి. మందం దారం తెప్పించి ముఠా ఆట కట్టించానని మేనేజరు పెద్ద మీటింగులో చెప్పాడు. మహారాణి సీటుకు అవార్డు కూడా వచ్చింది. ఆయన కారులో తిరుగుతాడు గనుక సీటు పొట్టిదైన సంగతి ఇంకా ఆయన దాకా వెళ్ళలేదు. ఉత్సవాలకూ ఫొటోలకూ వాడే బస్సులో మాత్రం ఎత్తు వీపులు అలాగే ఉంచారు. ఆ బస్సులో ఎవరూ ప్రయాణం చెయ్యరు.

రెక్సినమ్మ ఇప్పటికీ ఆ షెడ్డులోనే కుడుతోంది. వసపిట్ట కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోస్తోంది. సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని ఇంటికొస్తారు, దారంతా కూతురే మాట్లాడుతుంది.